శుచివ్రతుడు వరుణుణ్ణి శపించబోయిన కథ

పూర్వం, మనుషులు పిలిస్తే దేవతలు పలికే కాలంలో, వింధ్య పర్వతం దిగువన శుచివ్రతుడనే మహాముని, మహాసాధ్వి అయిన భార్య కుముద్వతితో, వేదం నేర్చుకునే పిల్లలతో ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. ఆయనకు మడి ఎక్కువ. హోమం చేసిన బూడిద, నెయ్యి జిడ్డు, పూజ చేసిన పూలు ఎవరి కాలికిందా పడకూడదని, ఆశ్రమానికున్న ఒక్కగానొక్క ఊటలో వాటిని రోజూ శిష్యులచేత కలిపించేవాడు. "నీరు సాక్షాత్తూ దేవత నాయనా" అని పాఠం చెప్పేదీ ఆయనే.

ఏళ్ళు గడిచేకొద్దీ ఊట సన్నబడి సన్నబడి, ఒక ఎండాకాలం ఆగిపోయింది. పిల్లల పెదాలు పగిలాయి. ఇక గురుకులం లేచిపోవాల్సిందేనని తెలిసి మునికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇన్ని స్తోత్రాలు చేయించుకుని వరుణుడు నన్నే మోసం చేస్తాడా! చూస్తూ ఉండండిరా" అని శిష్యులను చుట్టూ నిలబెట్టి, ఊట అడుగున మిగిలింది ముంచుకొచ్చి, వరుణుడి దిక్కైన పడమటికి తిరిగి, అరచెయ్యి చాచి కమండలం వంచాడు. శపించడానికైనా చేతిలో నీళ్ళుండాలి కదా! నీళ్ళు రాలేదు. నెయ్యి పట్టిన బూడిద ముద్ద, కుళ్ళిన పూరేకులతో సహా జారి చేతిలో పడింది.

పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

అంతలో మకరవాహనుడు, పాశహస్తుడు, సమస్త జలాలకు ప్రభువైన వరుణదేవుడు ఎదుట నిలిచి, "ఊఁ, కానియ్యవయ్యా! ఆ చేతిలో ఉన్నదానితోనే శపించు" అన్నాడు.

ముని చెయ్యి దులుపుకుందామంటే దేవుడి ముందు దులపలేడు, దాచుకుందామంటే పిల్లలు చూస్తున్నారు.

"ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నానండీ, ఊట కళ్ళు పూడిపోతున్నాయని" అంది కుముద్వతి. "తొక్కకూడదన్నారు, బాగానే ఉంది. తాగొచ్చా అని ఒక్కనాడైనా ఆలోచించారా?"

ముని దిక్కుతోచక శిష్యులవైపు తిరిగి, "మీరైనా చెప్పలేదేంరా?" అన్నాడు.

సుమేధుడనే పిల్లవాడు బిక్కమొహం వేసి, "మీరే కదా స్వామీ కలపమన్నారు. పుణ్యమని రెండు దోసిళ్ళు ఎక్కువే పోశాను" అన్నాడు.

ఆ మాటకు మునీశ్వరుడి తల వాలిపోయింది. తన పాపం తనతో ఆగలేదు. పిల్లలకూ నేర్పాడు.

దయామయుడైన వరుణుడు మెత్తబడి, "పోనీలే. కొత్త ఊట ఇస్తాను, కోరుకో" అన్నాడు.

"వద్దు ప్రభూ. దాన్నీ పాడుచేస్తాను. పాతదాన్ని నా చేతులతోనే తోడుకుంటాను, కళ్ళు తెరిపించు. ఇంకొకటి... ఈ సిగ్గు నన్ను వదిలిపోకుండా చూడు."

"తథాస్తు" అన్నాడు వరుణుడు.

మడి అన్న మాట మరిచిపోయి ముని బురదలోకి దిగాడు. శిష్యులు పరుగున వచ్చి తట్టలందుకున్నారు. తోడినకొద్దీ ఒక్కొక్క కన్నే తెరుచుకుని నీరు ఉబికింది. బూడిదా పూలూ ఆనాటినుంచి మొక్కల పాదుల్లోకి పోయాయి. గురుకులం నిలిచింది.

కొత్తగా చేరిన ప్రతి పిల్లవాణ్ణీ శుచివ్రతుడు ముందు ఊట గట్టున కూర్చోబెట్టి, దాన్ని పూడ్చింది ఎవరో తన నోటితో చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ సిగ్గు కొత్తగానే ఉండేది. వరుణదేవుడి వరం అలా చివరిదాకా ఆయన్ని కాచింది, ఊటనూ కాచింది.