వరాలు తల ఎవరు ఈర్చాలి?

అనగా అనగా ఒక ఊళ్ళో వరాలని తల్లి లేని పిల్ల ఉండేది. పెద్దమ్మ అచ్చియ్యమ్మ ఇంట్లో పెరిగేది. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆ పిల్లకి మిగిల్చింది ఒక్కటే, తన జడ లాంటి ఒత్తు జడ.

ఈర్చడం అంటే ఏంటో తెలుసా తల్లీ? పేను కంటికి ఆనుతుంది, వేళ్ళతో తీసేస్తాం. ఈరు దాని గుడ్డు, వెంట్రుకని కరుచుకుని వదలదు. సన్నపళ్ళ ఈర్పెనతో కుదురు నించి కొస దాకా లాగాలి. అదీ ఈర్చడం. ఎవరి తల వాళ్ళు ఈర్చుకోలేరు. వెనక ఒకరు కూర్చోవాలి.

ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట అరుగు మెట్ల మీద వరసగా కూర్చునేవాళ్ళు. కింది మెట్టు మీద చిన్న కూతురు నూకాలు, దాని వెనక పెద్ద కూతురు సీతాలు, ఆ పైన అచ్చియ్యమ్మ. అన్నిటికన్నా పై మెట్టు వరాలుది. పెద్దమ్మ తల వరాలే ఈర్చేది. మరి వరాలు వెనక? గోడ! ఆ ఇంటికొచ్చిన నాలుగేళ్ళూ గోడే.

ఒకనాడు అచ్చియ్యమ్మ వరాలు మీద గయ్యిమంది.

"పేలపుట్టా! ఇంటిల్లిపాదికీ నువ్వే అంటించావే. ఎల్లుండి మంగలి వీరన్నని పిలిపించి గుండు గీయిస్తా ఉండు!"

వరాలుకి ఒళ్ళు మండిపోయింది. ఆ పూట నించి పెద్దమ్మ తల ముట్టలేదు. అచ్చియ్యమ్మ కూతుళ్ళని పిలిస్తే, "నీ తల మా వల్ల కాదమ్మా" అని మొహం తిప్పుకున్నారు.

మొదటి రోజు అచ్చియ్యమ్మ గరిటె కాడతో గోక్కుంది. రెండో రోజు దేవుడి ముందు ఒక చేత్తో గంట, ఒక చేత్తో గోకుడు. మూడో రోజు వీరన్న కత్తుల పొది పట్టుకుని వచ్చేశాడు.

అప్పుడు వరాలు పెద్దమ్మ ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి, ఆమె తల వంచి, ఈర్పెనతో ఒక్క లాగు లాగింది. పేలు జలజలా రాలాయి.

"నీ తల నాలుగేళ్ళు ఈర్చాను పెద్దమ్మా. నా తల ఒక్కనాడైనా ముట్టావా? నావి నీకు అంటుకుంటాయి గానీ, నీవి నాకు అంటుకోవా?"

వీరన్న పొది మూసేశాడు. "గీస్తే నలుగురికీ గీస్తానమ్మా. లేదంటే కత్తి తియ్యను."

అచ్చియ్యమ్మ రెండు చేతులతో కొప్పు పట్టుకుంది.

ఆ తర్వాత వరాలు మెట్టెక్కలేదు. ముగ్గుర్నీ వాకిట్లోకి దింపి, ఒకరి వీపు వెనక ఒకరిని గుండ్రంగా కూర్చోబెట్టింది. పెద్దమ్మని తన వెనక కూర్చోబెట్టి, ఈర్పెన చేతికిచ్చింది.

జడ విప్పితే నాలుగేళ్ళ చిక్కు. అచ్చియ్యమ్మ వేళ్ళు పీకాయి. వరాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా "మెల్లిగా" అనలేదు.

"మెడ దగ్గర ఇంకా ఉన్నాయి, లాగు" అంది.

పొద్దు వాలేదాకా పెద్దమ్మని లేవనివ్వలేదు.

పేను నిప్పుల్లోకి, ఈరు నీళ్ళల్లోకి,
కథ కంచి ఊళ్ళోకి, నా తల్లి నా ఒళ్ళోకి!