నూకాలమ్మ దవడ

శ్రీవత్సకి స్కాన్ చదవడమంటే మహా సరదా. దవడ ఎముక ఎంత మందముంది, నరం ఎటు పోతోంది తెరమీద చూసి, ఎముకలో బిగించే ఇంప్లాంట్లకి ఎవరు పనికొస్తారో ఎవరు పనికిరారో కాఫీ చల్లారేలోపు తేల్చేసేవాడు. భీమిలిలో పళ్ళ డాక్టర్ సన్యాసిరావు గారి దగ్గర పని నేర్చుకుందామని హైదరాబాదు నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. గురువుగారు ఒక్క పన్ను కూడా అతన్ని సొంతంగా పెట్టనివ్వలేదు. ఆ బాధ లోపల గుచ్చుతూనే ఉంది.

అలాంటప్పుడు నూకాలమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి. కింది వరసంతా ఊడిపోతే కట్టుడు పళ్ళు పెట్టుకుంది. అవి ఆమె మాట వినవు.

"ఓ రోజు బజార్లో కేకేత్తే పళ్ళెగిరి తట్టలో పడిపోనాయి బాబూ," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అందరూ నవ్వినారు. ఆ రోజు కాడ్నించి నాను కేకెయ్యనేదు. నోరిప్పని దాని కాడ చేపలెవుడు కొంతాడు? ఊడని పళ్ళెట్టు నాయినా."

శ్రీవత్స మనసు కరిగింది. స్కాన్ తీశాడు. ఎముక గట్టిగా ఉంది. షుగరు లేదు, బీపీ లేదు. సిగరెట్ తాగుతావా అని కూడా అడిగాడు.

"ఛీ, సిగరెట్టు మగోళ్ళు తాగుతారు గాని!" అంది నూకాలమ్మ.

అతను ఉత్సాహంగా గురువుగారిని పిలుచుకొచ్చాడు. "ఇంత మంచి దవడ దొరకదు సార్. ఈసారి నేనే పెడతాను."

సన్యాసిరావు గారు తెర వైపు చూడలేదు. ముక్కాలిపీట లాక్కుని నూకాలమ్మ ఎదురుగా కూర్చున్నారు. వలలో వంజరాలు పడుతున్నాయా, సముద్రం మీద గాలి ఎలా ఉంది అని అడిగారు. ఆమె చెబుతూ పోయింది, ఆయన వింటూ కూర్చున్నారు. బయట జనం ఎదురుచూస్తుంటే ఈ చేపల కబుర్లేమిటని శ్రీవత్సకి ఒళ్ళు మండింది.

"అమ్మా, ఓ చుట్టుంటే ఇయ్యి," అన్నారాయన ఉన్నట్టుండి.

శ్రీవత్స తెల్లబోయాడు. గురువుగారికి వక్కపొడి అలవాటైనా లేదు.

నూకాలమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసిచ్చింది. ముగ్గురూ వరండాలోకి నడిచారు. ఆయన చుట్టని పెదాల దగ్గరికి తీసుకెళ్ళగానే ఆమె కిసుక్కున నవ్వింది.

"అలగ కాదు బాబూ. నిప్పు నోట్లోకెల్లాల. గాలికారిపోదు, బూడిద చేపల మీద రాలదు."

చుట్ట తీసుకుని వెలిగించి, మండే కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

"మా అమ్మా ఇలాగే తాగేది," అన్నారు సన్యాసిరావు గారు. తర్వాత నోరు తెరవమని, టార్చిలైటు శ్రీవత్స చేతికిచ్చారు.

పై అంగిలి తెల్లగా బీటలు వారి, ఎర్రటి చుక్కలతో ఉంది. శ్రీవత్స కింది దవడ తప్ప పైకి చూడనే లేదు. ఈ పొగలో, ఈ వేడిలో ఎముకకి బిగించిన పళ్ళు నిలిచేవి కావు. అతనికి సిగ్గేసింది. సిగ్గులో గొంతు కటువుగా వచ్చింది.

"అయితే ఈవిడ పనికిరారు సార్."

నూకాలమ్మ చుట్ట ఆర్పేసి కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు పనికిరారు?" అన్నారు గురువుగారు మెల్లగా.

ఆయన నూకాలమ్మ అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. చుట్ట మానేసి, అంగిలి మామూలుగా అయితే పళ్ళ సంగతి చూద్దామని ఆమెకి చెప్పారు.

"ఎలగ మానను బాబూ? తెల్లారి తట్ట దించగానే నోరు పీకేత్తది," అంది నూకాలమ్మ దీనంగా.

గురువుగారు శిష్యుడి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

పరీక్షలో భయపడాల్సిందేమీ లేదని వచ్చింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా నూకాలమ్మ మాట రాలేదు. వర్షాలు వెనకబట్టాయి. ఒక పొద్దున శ్రీవత్స సంచితో క్లినిక్‌కి వచ్చాడు. నీచు వాసనకి రెండు పిల్లులు మెట్ల దాకా అతని వెంటపడ్డాయి.

"నువ్వు చేపలు తినవు కదయ్యా?" అన్నారు సన్యాసిరావు గారు.

"తినను సార్. వాచ్‌మన్ ఇంటికిస్తాను."

"రోజూనా?"

"రోజూ సార్. ఆమె తట్ట దించే వేళకి వెళ్ళి, చుట్ట వేళ దాటేదాకా పక్కన కూర్చుంటాను." శ్రీవత్స నసిగాడు. "ఆమె కేకెయ్యదు కదా సార్. అందుకని నేనే కేకేస్తున్నాను."

"ఏమని?"

"వంజరాలమ్మా వంజరాలు అని."

సన్యాసిరావు గారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

"దసరాకి ముందే చుట్ట మానేసింది సార్. నిన్న అంగిలి చూశాను. బాగా మానింది."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"అయితే ఆమెకి పళ్ళు నువ్వే పెడుదువు గాని," అన్నారు. "చేతులు శుభ్రంగా కడుక్కుని ఆ స్కాన్ పట్రా. నేనింకా చూడలేదు."