మబ్బుపిల్లను ఏకిన ఐలవ్వ

ఒకప్పుడు మబ్బులన్నీ తెల్లగానే ఉండేవి. వాన అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మరి చేలు ఎట్లా పండేవంటారా? మంచుతోనే పండేవి. అడ్డం రాకండి, చెప్పనివ్వండి.

ఆ రోజుల్లో ఒక తల్లిమబ్బు పిల్లను వెంటేసుకుని కొండల మీదుగా పోతోంది. ఇంతలో పెద్ద గాలి వీచింది. తల్లి అటు కొట్టుకుపోయింది. పిల్ల ఇటు దొర్లుకుంటూ వచ్చి ఒక గొర్రెల దొడ్డిలో పడింది.

ఆ దొడ్డి కురుమ ఐలవ్వది. గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గొంగళ్లకు దారం తీసే మనిషి. చెయ్యి ఎంత చురుకో, నోరు అంతకంటే చురుకు.

"ఓసోసి! ఎవరి పిల్లవే నువ్వు? ఇంత పల్చగున్నవ్, మీ అవ్వ పాలియ్యలేదా?"

"మా అవ్వ గావాలె," అంది మబ్బుపిల్ల, వణుకుతూ.

ఐలవ్వ పైకి చూసింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. పిల్లను దగ్గరికి తీసుకుంది.

"వస్తది బిడ్డా. వచ్చేదాకా పస్తులుంటవా?"

మందలో పిల్ల చచ్చిపోయిన నల్లగొర్రె ఒకటుంది. పొదుగు నిండా పాలు. మబ్బుపిల్లను దాని దగ్గరికి తోస్తే, ఒక్క కుమ్ము కుమ్మింది.

"ఈ తెల్లది నా పిల్ల గాదు, పో!"

గొర్రెలు కాసేవాళ్లకు ఇది కొత్తా? తల్లిలేని పిల్లకు చచ్చిన పిల్ల వాసన పట్టించి ఆ గొర్రెకు చేరుస్తారు. ఐలవ్వ కూడా అదే చేసింది. చచ్చిన పిల్ల నల్ల ఉన్ని తెచ్చి, మబ్బుపిల్లను ఒళ్లో వేసుకుని, రెండూ కలిపి ఏకింది. ఏకడం అంటే తెలుసుగా? పోగు పోగూ విడదీసి కలపడం. ఇక ఏ వెంట్రుక ఎవరిదో ఆ బ్రహ్మ కూడా చెప్పలేడు.

"చక్కిలిగిలి అయితుంది!" అని పిల్ల కిలకిలా నవ్వింది.

పిల్లకు బూడిదరంగు వచ్చింది. గొర్రె ఇంకా అనుమానంగానే చూసింది. అప్పుడు ఐలవ్వ తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో తుప్పు ఇనుము నానేసి, ఆ నల్లరంగులో పిల్లను ముంచి తీసింది. ఈసారి గొర్రె ప్రేమగా నాకింది. పిల్ల కడుపారా పాలు తాగి నిద్రపోయింది.

తెల్లారి తల్లిమబ్బు వచ్చింది, ఏడ్చి ఏడ్చి సగమైంది.

"అక్కా, నా పిల్లను చూసినవా?"

"ఇగో, ఇదే నీ పిల్ల!" ఐలవ్వ ఎత్తి చూపించింది.

పిల్ల సంతోషంతో "అవ్వా!" అనబోయింది. గొర్రెపాలు తాగిన గొంతు కదా, "మ్యే!" అని వచ్చింది.

తల్లి వంగి చూసింది. వాసన చూసింది.

"కాదక్కా. నా పిల్ల పాలనురగ లెక్క ఉంటది. ఇది మీ గొర్రెపిల్ల." వెక్కుతూ కొండ దాటి పోయింది.

ఐలవ్వ తల బాదుకుంది. "ఎంత పని జేస్తిని! ఆకలి తీర్చబోయి అవ్వను దూరం జేస్తి!"

కుండలకొద్దీ నీళ్లు పోసి కడిగింది. నల్లనీళ్లు కారాయి. అద్దిన రంగు పోయింది కానీ, కలిపి ఏకిన నలుపు ఎట్లా పోతుంది? పిల్ల బూడిదరంగులోనే మిగిలింది.

"ఇంకా కడుగు, ఐలవ్వా!"

"కడిగితే పోయేది కాదు బిడ్డా," అని ఐలవ్వ ఏడ్చింది.

"అయితే నేనే కడుక్కుంట."

పిల్ల వాగు మీద వాలి కడుపు నిండా నీళ్లు తాగింది. కొండంత ఎత్తుకు ఎగిరి, ఆ నీళ్లన్నీ ఒంటి మీద కుమ్మరించుకుంది. కింద ఎండిన చేలు తడిశాయి. జనం చిందులేశారు. పిల్ల మాత్రం "తెల్లబడ్డనా? ఇప్పుడు తెల్లబడ్డనా?" అని అడుగుతూనే ఉంది.

అప్పటినుంచే నల్లమబ్బు వాన కురుస్తోంది. మన పంటల కోసమని మురిసిపోతాం గానీ, మన కోసం కాదర్రా. కురిసి కురిసి కాస్త తెల్లబడుతుంది. వెంటనే తల్లి పోయిన కొండ వైపు పరుగెడుతుంది. అక్కడికి చేరేలోపే లోపలి నలుపు మళ్లీ పైకి తేలుతుంది.