మణికంధరుడి ఉత్తరీయం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఒక్కడే కొడుకు, పేరు మణికంధరుడు. ఎవరు ఏ పని చెప్పినా కాదనలేడు. మరచిపోతానేమోనని ప్రతి మాటకూ ఉత్తరీయానికి ఒక ముడి వేసుకునేవాడు. పెద్దత్తకు సముద్రపు ఉప్పు తేవాలి, ఒక ముడి. మంత్రిగారి మేనల్లుడికి గుర్రం చూడాలి, ఒక ముడి. ఎవరూ అడక్కపోయినా, అడుగుతారేమోనని ఇంకో ముడి. పన్నెండు మూరల ఉత్తరీయం మూరెడు ముద్దయింది.

పెళ్ళికి ముందురోజు కూడా అతను ఎవరి పనిమీదో ఊళ్ళు తిరుగుతుంటే, పెళ్ళికూతురు లవంగిని ఒక మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పున్నమి దాటితే ఆమె రాతిబొమ్మ అయిపోతుంది.

ఆమెకోసం బయల్దేరిన మణికంధరుడు, సముద్రపు ఒడ్డున వెల్లకిలా పడి ఉన్న ముసలి తాబేలును తిరగేసి నిలబెట్టాడు. అది అతన్ని వీపుమీద ఎక్కించుకుంది. మొదటి సముద్రంలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. రెండోదాంట్లో నడుము దాకా. మూడోదాంట్లో గడ్డం దాకా.

"నాయనా, నువ్వు బక్కవాడివే, ఇంత బరువెక్కడిది? ఆ మూటేమిటి?" అంది మునిగిపోతున్న తాబేలు.

"మూట కాదు తాతా. నేనిచ్చిన మాటలు."

ఆ మాటలకోసం ఎవరు కాచుకున్నారో చెప్పమంది తాబేలు. పెద్దత్త పోయినేడే ఉప్పు తెప్పించుకుంది. మేనల్లుడు కొనుక్కున్న గుర్రానికి పిల్ల కూడా పుట్టింది. మిగిలినవి ఎందుకు వేశాడో గుర్తే లేదు.

"విప్పితే ఎవరైనా నొచ్చుకుంటారేమో తాతా."

"సరే, లవంగికోసం వేసిన ముడి ఏది?"

మణికంధరుడు వెతికాడు. మళ్ళీ వెతికాడు. ఒక్కటీ లేదు. ఆమెను మరచిపోతానన్న భయం అతనికి ఎన్నడూ కలగలేదు మరి.

ఒక్కొక్క ముడే విప్పాడు. ఒక్కొక్క ముడికీ నీళ్ళు ఒక్కొక్క జానెడు దిగాయి. మిగిలిన నాలుగు సముద్రాలూ ఆకుమీద చీమలా దాటాడు.

మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉందని తాబేలు చెప్పింది. వాడు దాని రెక్కలు కత్తిరించి పాడుబావిలో దాచాడు. ఆ బావి లోతు సరిగ్గా పన్నెండు మూరలు. మణికంధరుడు బోర్లా పడుకుని ఉత్తరీయం వదిలాడు. చిలుక కొస కరుచుకుని పైకొచ్చింది.

మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్ళమీద పడ్డాడు. అప్పటికే నడుము దాకా రాయైన లవంగిని మళ్ళీ మనిషిని చేశాడు. మణికంధరుడు చిలుకను భుజంమీదే ఉంచుకున్నాడు. "దీనికి రోజూ దానిమ్మగింజలు పెడతాను. నువ్వు మాత్రం ఈ దీవి దాటకు" అన్నాడు.

"ఇంత ఆలస్యమేమిటి?" అంది లవంగి.

"ముడులు విప్పుకుని వచ్చాను" అన్నాడతను.

పెళ్ళినాడు ఆ ఉత్తరీయానికి ఒకే ఒక్క ముడి పడింది, లవంగి చీరకొంగుతో. వాళ్ళు చిరకాలం రాజ్యమేలారు. కథ కంచికి చేరింది. మనకూ మూటలేం లేవు, తేలిగ్గా ఇంటికి నడుద్దాం పదండి.