పైడితల్లి అడిగిన అల్లం ముక్క

డాక్టర్ విశాలాక్షమ్మగారిని ప్రశ్న అడిగి వెంటనే జవాబు రాబట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. పిల్లల క్యాన్సర్ వార్డులో తలపండిన మనిషి. అడిగినదంతా విని "చూద్దాం" అని ఊరుకుంటారు. ఆ చూడడంలోనే జవాబు ఉంటుందని ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న భార్గవకు తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు. అల్లం మిగతా పిల్లలకు అంతో ఇంతో వికారం తగ్గిస్తోంది కదా, పైడితల్లికి మాత్రం ఎందుకు పెంచుతోంది అని.

పైడితల్లికి తొమ్మిదేళ్ళు. కీమో ఎక్కిన ప్రతిసారీ పేగులు నోట్లోకి వచ్చేలా వాంతులు. వాటిని ఆపే మందులకు తోడుగా భార్గవ శొంఠిపొడి తూచి, తేనెలో రంగరించి, చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసి, సూదులూ సీసాలూ పెట్టే ట్రేలోనే పెట్టించి పంపేవాడు. పద్ధతిగా చేయడంలో అతని తర్వాతే ఎవరైనా. ఇప్పుడా పిల్ల కప్పు కనబడగానే డోకుతోంది. ఇంక మందు ఎక్కించుకోనని మొండికేసింది. వాళ్ళమ్మ నూకాలమ్మ కూడా పిల్ల యాతన చూడలేక, ఊరికి పోతామని సంచీ సర్దేసింది. వైద్యం సగంలో మానేస్తే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి భార్గవకు నిజంగా భయం వేసింది.

విశాలాక్షమ్మగారు "చూద్దాం" అన్నారు. కప్పు ఆపించి, ఈ ఒక్కసారికి ఉండమని నూకాలమ్మను బతిమాలుకున్నారు. మర్నాడు పొద్దున సెలైన్ పెట్టి కీమో మందు మొదలుపెట్టాక, మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, నూకాలమ్మతో వానల గురించీ వరినాట్ల గురించీ కబుర్లలో పడ్డారు. మధ్యలో కోటు జేబులోంచి పొట్లం తీసి, అల్లం మురబ్బా ముక్క నోట్లో వేసుకుని తీరుబడిగా చప్పరించసాగారు. పిల్ల వంక చూస్తే ఒట్టు. పెద్ద డాక్టరయ్యుండి పసిపిల్ల ముందు ఒక్కరే తినడమేమిటని భార్గవకు తల కొట్టేసినట్టయింది.

గోడ వైపు తిరిగి పడుకున్న పైడితల్లి కాసేపటికి ఇటు తిరిగింది. మరి కాసేపటికి లేచి కూర్చుంది.

"డాకటరమ్మా, ఏటి తింతన్నావు? నాకెట్టవా?"

"ఇది నాదమ్మా. మీ అమ్మ పెట్టమంటే పెడతాను."

నూకాలమ్మ పెట్టమని తలూపింది. పైడితల్లి ముక్క బుగ్గన పెట్టుకుని, ఘాటుకు కళ్ళు చికిలించి, నవ్వి, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపింది. మందు ఎక్కుతున్నంతసేపూ ఇద్దరూ పోటీపడి చప్పరించారు. వాంతులు పూర్తిగా పోలేదు గాని, మధ్యాహ్నానికి ఆ పిల్ల నాలుగు ముద్దలు చారన్నం తిన్నది. నూకాలమ్మ సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో సర్దుకుంది.

భార్గవ సంతోషం పట్టలేకపోయాడు. కేస్ షీటు తెరిచి, మురబ్బా ఎన్ని గ్రాములు, రోజుకెన్నిసార్లు అని రాయబోయాడు. విశాలాక్షమ్మగారు అతని చేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"రాయకు బాబూ. రాశావంటే మళ్ళీ మందైపోతుంది."