తాళం ఎవరికివ్వాలి?

భూపతి దొర ఏ విందుకెళ్లినా, డ్రైవరు నూకన్న కారు పక్కన ఎండలో ఒంటరిగా నిలబడేవాడు. పలకరించే నాథుడుండేవాడు కాదు.

ఈసారి దొర కారులో ఇన్వర్టరు బిగించి, వెంట తెచ్చే తన కుక్క కోసం చిన్న కూలరు పెట్టించాడు. విందింటి ముందు దిగి, "నేనొచ్చేలోగా నువ్వెక్కి కూర్చుంటే సీటు మాస్తుంది" అంటూ తాళం జేబులో వేసుకున్నాడు.

నూకన్న చేతులు కట్టుకున్నాడు. "చిత్తం దొరా. బ్యాటరీ దిగిపోతుంటే ఇన్వర్టరు కుయ్యిమంటుంది. అప్పుడు ఇంజను స్టార్టు చెయ్యకపోతే సాయంత్రం బండి కదలదు. ఆ తాళమేదో కుక్కకిచ్చి వెళ్లండి."

దొర కాసేపు కుక్క వంక చూశాడు. తాళం నూకన్న చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నూకన్న తలుపు తీశాడు. కుక్క పక్కకు జరిగి చోటిచ్చింది. పదేళ్ల కొలువులో తనకోసం ఒకరు జరగడం అదే మొదలు.