పిట్ట లేని కూత

ముకుందం పిట్టల ఫొటోలు చక్కగా తీసేవాడు గానీ, ఆవగింజంత ఓపిక లేనివాడు. ఒక మాఘమాసం పొద్దున సముద్రపు ఒడ్డున మొగలి పొదల్లోకి కెమెరాతో వచ్చాడు.

పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు. ముకుందం దగ్గర పిట్ట లేకుండానే కూత ఉండేది. ఏ పిట్ట కావాలంటే దాని కూతను సెల్‌ఫోన్‌లో మోగించేవాడు. తన చోటులోకి ఇంకోటి దూరిందనుకుని అది పరుగున వచ్చేది. పాపం, వచ్చి వెతుక్కునేది.

ఆ రోజు బాట పక్క రేగుపొదలో నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ కనిపించి మాయమయ్యాయి. “పిగిలిపిట్టే!” అని ఫోను తీశాడు.

పుల్లలు ఏరుకుంటున్న గున్నమ్మ అనే ముసలమ్మ అది చూసింది.

“బాబూ, ఆ పొదలో దాని పిల్లలు రెండున్నాయి. తల్లిని దొంగ పిలుపు పిలవకండి. ఇక్కడ దొంగ పిలుపు పిలిచినోడికి నిజం పిలుపు పనిచెయ్యదు.”

“ఊరంతా తిరిగే పిట్టకి ఇంత కథా మామ్మా?” అని నవ్వాడు ముకుందం. కాస్త దూరం వెళ్లి కూత మోగించాడు.

పిట్ట వచ్చింది. మెడ తిప్పి తిప్పి వెతికింది. పది ఫొటోలు తీశాడు. చూసుకుంటే పదింటిలోనూ కొమ్మ ఉంది, పిట్ట లేదు. మళ్లీ మోగించాడు. అప్పటికే గూటి దగ్గరకు పిట్టపిల్లల్ని తినే జెముడుకాకి చేరింది. కీచుమని ఒక్క అరుపు వినిపించింది, అంతే.

ముకుందం గబుక్కున ఫోను ఆపేశాడు. కూత ఆగలేదు. ప్రతి పొదలోంచీ అదే కూత, ఫోనులో లాగే అదే చోట తెగి మళ్లీ మొదలవుతోంది. అంతలో మంచు కమ్మేసింది. దారి వెతుకుతూ ఉప్పుకాలువ బురదలో మోకాలి దాకా దిగిపోయాడు. పోటు నీళ్లు ఎక్కుతున్నాయి.

“మామ్మా! ఇటు రా!” అని అరిచాడు.

“మామ్మా! ఇటు రా!” అని అతని గొంతే నాలుగు వైపుల నుంచీ పలికింది.

గున్నమ్మ ఒకవైపు పరిగెత్తింది. ఎవరూ లేరు. ఇంకోవైపు పరిగెత్తింది. మొగలి ముళ్లు కాళ్లు చీరేశాయి. “ఏ పక్కనున్నారు బాబూ?” అని ఏడుస్తూ అడిగింది. అతని జవాబు కూడా నాలుగు వైపులా మోగింది.

నీళ్లు నడుము దాకా వచ్చాక ముకుందం నోరు మూసుకున్నాడు. పుట్టాక మొదటిసారి ఓపిక పట్టాడు. పొదలూ మూగబోయాయి. అప్పుడు ఒకే ఒక్క చోట నుంచి, బొంగురుగా, ఆగి ఆగి ఒక కూత వచ్చింది. మొగలి వేళ్లు పట్టుకుని పాకుతూ అటే వెళ్లాడు.

బాట పక్క రేగుపొదలో తల్లిపిట్ట కూర్చుని ఉంది. గూట్లో ఒక్క పిల్లే నోరు తెరిచి ఉంది. ముకుందం కెమెరా ఎత్తలేకపోయాడు. సిగ్గుతో ఏడ్చాడు.

దొంగ పిలుపుతో ఒకరి నమ్మకాన్ని ఆడించినవాడికి, ప్రాణం మీదకి వచ్చిన రోజున తన నిజమైన పిలుపు కూడా అక్కరకు రాదు.